నిలవని రాయి

“ఏ రోజున రక్షణ పొందావు?” అని ఎవరైనా అడిగితే దయామణి ముందు మంచినీళ్ళు తాగేది. గ్లాసు ఖాళీ అయ్యేలోగా ప్రశ్న పక్కవాళ్ళ మీదికి వెళ్ళిపోతుందని ఆశ. చాలాసార్లు వెళ్ళిపోయేది కూడా. ఆ మట్టల ఆదివారం సాయంత్రం మాత్రం గ్లాసు ఖాళీ అయినా ప్రశ్న కదలకుండా ఆమె ఎదురుగానే కూర్చుంది.

తార్నాకలో పార్థసారథి గారి ముందుగది అది. ఆయన యూనివర్సిటీలో కెమిస్ట్రీ లెక్చరరు. వారంవారం ఆ చాపల మీదే విద్యార్థుల ప్రార్థన కూటం. గోడవైపు అబ్బాయిలు, వంటింటి వైపు అమ్మాయిలు, మధ్యలో టేబుల్ ఫ్యాన్ ఎవరి పక్షమూ వహించకుండా తల తిప్పుతూ ఉండేది. వచ్చే ఆదివారం ఈస్టరు. క్యాంపస్‌లో హాస్టళ్ళ వెనకున్న పెద్ద బండ మీద సూర్యోదయ ఆరాధన. ఈ ఏడు ప్రతి ఒక్కరూ ప్రభువును ఎరగని స్నేహితుణ్ణి ఒక్కరినైనా వెంటబెట్టుకు రావాలని మాస్టారు కోరారు. వచ్చినవాళ్ళకి ప్రసంగం వద్దు, ఎవరికి వాళ్ళు ఎలా నమ్మారో చెప్పే సాక్ష్యాలు వినిపిద్దామన్నారు.

“ప్రసంగానికైతే ఎదురు వాదించొచ్చు. ఇది నాకు జరిగిందయ్యా అంటే దానికేం వాదిస్తారు?”

ఆయన ఆ మాట అనగలరు. వైదికుల ఇంట పుట్టి, ప్రభువును నమ్ముకున్నందుకు కట్టుబట్టలతో గడప దాటిన మనిషి. ఆ సంగతి చెబుతుంటే ఆయన గొంతు తగ్గాల్సిన చోట తగ్గేది, ఆగాల్సిన చోట ఆగేది. దయామణి ఎన్నిసార్లు విన్నా అదే చోట కళ్ళు తుడుచుకునేది. ఆ రోజు సివిల్ ఇంజనీరింగ్ కుర్రాడొకడు సిగరెట్లు ఎలా మానేశాడో చెప్పాడు. ఒకమ్మాయి టైఫాయిడ్‌లో చూసిన వెలుగు గురించి చెప్పింది. అందరికీ ఒక ముందు ఉంది, ఒక తరవాత ఉంది, మధ్యలో ఎవరో టక్కున స్విచ్ వేశారు. దయామణి చదివేది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే. కానీ వాళ్ళింట్లో ఆ దీపం ఆమె పుట్టకముందు నుంచే వెలుగుతోంది. స్విచ్ ఎక్కడుందో కూడా ఆమెకి తెలీదు.

“దయామణీ, ఈసారి నువ్వు చెప్పాలమ్మా,” అన్నారు పార్థసారథి గారు.

“నేనాండీ?”

“నువ్వే. ఇంజనీరింగ్ చదివే ఆడపిల్ల చెబితే మగపిల్లలు నోరు మూసుకుని వింటారు.”

“నాకేమీ జరగలేదండీ మాస్టారూ.”

గది గొల్లుమంది. కాఫీ గ్లాసులు తీస్తున్న అరుంధతి గారు, ఆయన భార్య, దయామణి తల మీద ఓ చిన్న మొట్టికాయ వేశారు. “జరగకపోవడమేమిటే పిచ్చిమొహమా! కూర్చుని ఆలోచించుకో, అదే గుర్తొస్తుంది.”

ముగింపు ప్రార్థనలో ఎవరో ఆమె పేరెత్తి, మా సహోదరికి నీ కార్యములు జ్ఞాపకము చేయుము తండ్రీ అని గట్టిగా వేడుకున్నారు. దయామణి ఆమెన్ అంది. ఆ తండ్రికి మాత్రం గుర్తుంటే కదా అని లోపల దిగులు.

హాస్టల్‌కి వచ్చేసరికి గదిలో కాత్యాయని జుట్టు చిక్కు తీసుకుంటోంది. రాజమండ్రి అమ్మాయి. మూడేళ్ళుగా ఇద్దరిదీ ఒకే గది, ఒకే బకెట్టు. దయామణి మంచం పక్కన మోకరిస్తే కాత్యాయని ట్రాన్సిస్టరు తగ్గించేది. కాత్యాయని శనివారాలు ఉపవాసముంటే దయామణి ఎదురుగా తినేది కాదు. అంతకుమించి ఆ విషయంలో ఇద్దరి మధ్యా మాట లేదు.

“ఆదివారం పొద్దున ఆరాధన ఉంది. వస్తావా?” అంది దయామణి, ఎటో చూస్తూ.

“ఎన్నింటికి?”

“తెల్లారకముందే.”

“తెల్లారకముందు నన్ను లేపితే ఏ దేవుడికీ మంచిది కాదు,” అని కాత్యాయని దువ్వెనలో వెంట్రుకలు తీసి ఉండ చుట్టింది. “నువ్వేమన్నా మాట్లాడుతున్నావా అక్కడ?” అని అడిగింది.

“మాట్లాడమన్నారు.”

“ఏం మాట్లాడతావ్?”

దయామణి కూజాలోంచి మంచినీళ్ళు వంచుకుంది.

*

సోమవారం సాయంత్రం వర్క్‌షాపు నుంచి వస్తూ ఆమె కొత్త హాస్టల్ కడుతున్న చోట ఆగింది. పునాదులు లేచాయి. ఒక పక్క కంకర గుట్టలు, గోనెపట్టా నీడల కింద వరసగా ఆడవాళ్ళు. మగవాళ్ళు సమ్మెటలతో పగలగొట్టిన బండముక్కల్ని వాళ్ళు చిన్న సుత్తెలతో కంకర చేస్తున్నారు. ఆ వరసలో చివర సమ్మక్క.

సమ్మక్క ఉండేది క్యాంపస్‌ని ఆనుకునే ఉన్న మాణికేశ్వర్ నగర్ బస్తీలో. ఆ బస్తీ పిల్లలకి దయామణి ఆదివారం ఆదివారం బైబిలు కథలు చెప్పేది. సండేస్కూలు పిల్లలదైనా, ఏడాది నుంచీ సమ్మక్క వచ్చి పిల్లల వెనకాల కొంగు పరుచుకుని కూర్చునేది. పాటలకి పెదవులు కదిపేది. అయిపోగానే లేచి వెళ్ళిపోయేది. ఎందుకొస్తున్నావని దయామణి ఏనాడూ అడగలేదు. అడిగితే మానేస్తుందేమోనని కొంత, పరీక్షల తొందర కొంత.

ఈ రోజు అవసరం తనది. ఊరికే వచ్చి కూర్చున్న మనిషికి కూడా ఒక ముందూ తరవాతా ఉండే ఉంటాయి. అవి ఎలా ఉంటాయో వింటే, తన దానికీ ఏదో దారి దొరక్కపోదు.

“సమ్మక్కా, ఒక మాట అడగనా?”

“అడుగు బిడ్డా. గా ఎండల నిలబడకు, ఇటు రా.” సమ్మక్క కంకర పక్కకు తోసి చోటు చేసింది. ఎడమచేతి వేళ్ళకి సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది. ఆ వేళ్ళతో రాయిని ఒడుపుగా తిప్పి పట్టుకుని, కుడిచేత్తో ఒక్క దెబ్బ. రాయి తనంతట తానే విడిపోవాలని చూస్తున్నట్టు విడిపోయేది.

“నువ్వు ఆదివారాలు ఎందుకొస్తావు?”

సుత్తె ఆగింది. “ఏం, రావొద్దా?”

“అయ్యో అది కాదు! ఊరికే... ఎలా మొదలయిందో చెబుతావని.”

“నీకెరికే గద. నువ్వే గద చెప్పింది.”

“నేనా? ఏం చెప్పాను?”

సమ్మక్క ఆమె ముఖంలోకి చూసింది, ఈ పిల్ల తనని ఆట పట్టిస్తోందా అన్నట్టు. తరవాత ఇంకో రాయి అందుకుంది. దాన్ని కొట్టలేదు. చేతిలోనే ఉంచుకుని మాట్లాడింది.

“పోయినేడు నా బిడ్డ పోయింది. సారలమ్మ. జరమొచ్చింది, పోయింది. మౌలాలి గుట్ట దిక్కు తీస్కపోయి పెట్టినం. మొగోళ్ళు మన్ను పోసిన్రు. ఉత్త మన్నుంటే నక్కలు తోడ్తయి. మీద రాయి పెట్టాలె. ఎవ్వన్నీ పెట్టనియ్యలే, నేనే చూసిన రాయి. ఎవ్వడు కదపలేనిది చూసిన. నేను, మా ఆయన గడ్డపారలేసి దొర్లిచ్చినం. దినాం రాళ్ళతోని బతికేదాన్ని, ఏ రాయి ఎట్ల కూసుంటదో నాకు తెల్వదా? గది కూసున్నది. ఇగ లేవదు.” రాయి పట్టుకున్న చేత్తోనే గుండె మీద కొట్టుకుంది. “గీడ గూడ కూసున్నది.”

పక్క వరసలో సుత్తెలు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. దయామణి చేతిలోని, లెక్కలు కట్టే స్లైడ్ రూల్‌ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుంది.

“అటెన్క ఒక ఐతారం నేను నీళ్ళకు పోతున్న. నువ్వు పిల్లలకు బట్ట బోర్డు మీద బొమ్మలు పెట్టి చెప్తున్నవ్. గుట్ట పెట్టినవ్, గుహ పెట్టినవ్. గుహకు రాయి పెట్టినవ్. పడ్డది. మల్ల పెట్టినవ్, మల్ల పడ్డది. పోరగాళ్ళు ఒక్కతీర్గ నవ్వుడు. నీకు కోపమొచ్చి గుద్దినవ్ గూడ దాన్ని.” అరచెయ్యి గాలిలో ఆనించి చూపించింది. “గుద్దినా నిలవలే. నేను బిందె కింద పెట్టిన. నా పానం జల్లుమన్నది బిడ్డా. ఏంది గీ రాయి, ఎంత పెట్టినా నిలుస్తలేదు, అనుకున్న.”

దయామణికి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ ఆదివారం, ప్రభువు సమాధి పాఠం! ఫ్లానెల్ గుడ్డ బిగించిన చెక్కబోర్డు, వెనక ఫ్లానెల్ అంటించిన రంగు కాగితం బొమ్మలు. గుడ్డకి గుడ్డ పట్టుకుని బొమ్మ నిలుస్తుంది. ఆ రాయి బొమ్మకి మాత్రం వెనకాల గుడ్డ ఊడిపోయింది. మర్నాడు మెషీన్స్ పరీక్ష. ఎండ. పిల్లల గోల. రాయి జారిపడుతూనే ఉంది. పాఠం ఎలాగో ముగించి, తన సండేస్కూలు బతుకులో ఇంతకన్నా చెత్త పాఠం ఇంకోటి లేదనుకుంటూ బోర్డు చంకలో పెట్టుకుని వచ్చేసింది. ప్రభువా క్షమించు అని కూడా అనుకుంది. రాయికి గుడ్డ అంటించాలనుకుని, ఏడాది పాటు అంటించలేదు.

“గప్పుడు నువ్వు చెప్పినవ్. ఆడోళ్ళు పొద్దుపొద్దుగాల పోయిన్రని. మనకు గా రాయి ఎవలు తీస్తరని రంది పడుకుంట పోయిన్రని. నాకు నవ్వొచ్చింది గూడ. రాయి దొర్లియ్యనీకి రందేంది, మమ్ముల పిలిస్తే అయిపోతుండె గద!” సమ్మక్క నిజంగానే నవ్వింది. వెంటనే ఆ నవ్వు ఎటో పోయింది. “పోయి చూస్తే తీసే ఉన్నదన్నవ్. తీసే ఉన్నది. గా మాట ఇని నేను గాడనే కూలబడ్డ. నేను పెట్టిన రాయి గూడ, ఆ ప్రభువొచ్చిన్నాడు, గట్లనే పడ్తదన్నట్టు. ఎంత గట్టిగ పెట్టినా సరే. గా దినం సంది వస్తున్న.”

“ఓ సమ్మక్కా, ముచ్చట్లు పెడ్తున్నవా?” అని దూరం నుంచి మేస్త్రీ గట్టయ్య కేక.

“పెడ్తున్న! నీ కంకరేం పారిపోతలేదు తియ్!” అని కేకేసి సమ్మక్క చేతిలో రాయిని నేల మీద పెట్టి కొట్టింది. అది రెండుగా విడిపోయింది. లోపలి ముఖాలు తళుక్కుమన్నాయి. అంతవరకూ ఏ కన్నూ చూడని రాయి లోపల. దయామణి దాన్నే చూస్తూ ఉండిపోయింది. ముట్టుకోబోయి, చెయ్యి చీరకి తుడుచుకుని అప్పుడు ముట్టుకుంది.

*

బుధవారం పార్థసారథి గారికి ఈ సంగతి చెబితే ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన కన్నీళ్ళలో అబద్ధం లేదు. “స్తోత్రం,” అన్నారు. “ఈస్టరు నాడు చెప్పవలసింది ఇదేనమ్మా.”

“ఆవిణ్ణి పిలిచి చెప్పిద్దామా మాస్టారూ?”

ఆయన ఆలోచించారు. “చూడమ్మా, వచ్చే కుర్రాళ్ళు అసలే ఎగతాళి రాయుళ్ళు. ఆవిడ మాట, ఆవిడ తీరు చూసి ఒక్కడు కిసుక్కుమన్నాడంటే? పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లిని తీసుకెళ్ళి నవ్వులపాలు చెయ్యమంటావా? నువ్వు చెప్పు, శుభ్రంగా, నాలుగు ముక్కల్లో. ఆవిడ నీ పక్కన నిలబడితే చాలు.”

దయామణి తలూపింది.

“ఇంకోటి. ఆ ఫ్లానెల్ బోర్డు గొడవ తీసెయ్. బోర్డు మీంచి కాగితం ఊడిపడితే నమ్మిందట అంటారు. సువార్తంటే అదా అంటారు. నేరుగా ఖాళీ సమాధి దగ్గరికి వెళ్ళిపో.”

ఆమె దానికీ తలూపింది. నిజం చెప్పాలంటే తార్నాక నుంచి హాస్టల్ దాకా ఆమె కాళ్ళు నేల మీద లేవు. సాక్ష్యం దొరికింది! తనది కాకపోతేనేం, తన చేతుల మీదుగా జరిగిందేగా. పరీక్ష హాల్లో తనకొచ్చిన ప్రశ్నే పడినంత తేలిక. దారిలోనే నాలుగు ముక్కలూ కూర్చుకుంది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో కూడా.

ఆ ఊపులో, ఎన్నాళ్ళుగానో వాయిదా పడ్డ పని కూడా చేసేసింది. మంచం కిందనుంచి బొమ్మల సంచీ తీసి, రాయి బొమ్మ వెనకాల వర్క్‌షాపు నుంచి తెచ్చిన గరుకు కాగితాన్ని కొలత ప్రకారం కత్తిరించి జిగురుతో అంటించింది. కాత్యాయని ఎకనామిక్స్ పుస్తకాలు దాని మీద బరువు పెట్టింది. పొద్దున్నకల్లా ఆరింది. బోర్డు మీద పెట్టి తలకిందులు చేసింది. ఊపింది. రాయి అంగుళం కదల్లేదు.

“బ్రహ్మాండం,” అంది కాత్యాయని. “ఇంతకీ ఏమిటది, గారెనా?”

“రాయి.”

“దేనికి?”

“పిల్లల పాఠానికిలే,” అని దయామణి సంచీ మూసేసింది.

*

మంచి శుక్రవారం గుడిలో మూడుగంటల ఆరాధన అయ్యాక, అలాగే ఉపవాసంతోనే ఆమె బస్తీకి వెళ్ళింది. ఆదివారం పొద్దున బండ మీద ఉంటుంది కాబట్టి ఈస్టరు పాఠం ఈ రోజే. పిల్లలు గోల గోలగా చేరారు. వెనకాల సమ్మక్క, ఇవాళ త్వరగా పని దిగి, మోచేతుల దాకా తెల్లని రాతిపొడితోనే, బిందె పట్టుకుని వచ్చి కూర్చుంది.

బోర్డు నిలబెట్టింది. గుట్ట. గుహ. తెల్లగుడ్డ చుట్టిన దేహం. తరవాత రాయి. పిల్లలు ముందే నవ్వుకు సిద్ధంగా ఉన్నారు. పాత ఆట వాళ్ళకి ఇంకా గుర్తుంది. దయామణి ఇంజనీరులాగా, వేలితో ఒక్కసారి నొక్కి చెయ్యి తీసేసింది.

రాయి నిలబడింది.

“పడ్తలేదు,” అన్నాడెవడో, నిరాశగా.

ఆమె కథ చెప్పింది. ఒక్క తడబాటు లేకుండా చెప్పింది. ఆడవాళ్ళు సుగంధాలు పట్టుకుని చీకటితోనే బయల్దేరారు. రాయి ఎవరు తీస్తారని అనుకుంటూ వెళ్ళారు. తలెత్తి చూస్తే... అంటూ రాయి తియ్యబోయింది. రాలేదు. గరుకు కాగితం ఫ్లానెల్‌ని పీక పట్టుకున్నట్టు పట్టుకుంది. గోరు దూర్చి లాగింది. గుహ బొమ్మ కూడా దాంతో లేచి వచ్చింది. ఒక చేత్తో గుహను అదిమిపట్టి రెండో చేత్తో గీరితే, చివరికి ఫ్లానెల్ నూలు పట్టుకుని రాయి వచ్చింది. పిల్లలెవరూ నవ్వలేదు. ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు.

అందరూ వెళ్ళాక సమ్మక్క దగ్గరికొచ్చి రాయి బొమ్మని తీసుకుంది. వెనక్కి తిప్పి, గరుకు కాగితం మీద బొటనవేలు పెట్టి చూసింది.

“గట్టిగ చేసినవ్.”

“అవును. ఇంక పడదు,” అంది దయామణి. ఆ మాట నోట్లోంచి వచ్చాక, వెనక్కి తీసుకోవడానికి వీల్లేక అక్కడే నిలబడింది.

సమ్మక్క బొమ్మ తిరిగి ఇచ్చేసింది. బండ మీద మాస్టారు పెట్టే ఆరాధనకి రమ్మని దయామణి నిన్ననే చెప్పి ఉంచింది. “ఐతారం నా ముచ్చట చెప్పమన్నడా సారు?”

“నేను చెబుతాను సమ్మక్కా. నువ్వు నా పక్కన నిలబడతావు.”

“మంచిది. నాకేం మాట్లాడనొస్తది గంత మందిల. నువ్వు చెప్పు.” కొంగుతో చేతులు దులుపుకుంది. పొడి లేచింది. “రాయి పడ్డది చెప్తవ్ గద?”

“అది... అది చెప్పొద్దన్నారు మాస్టారు. నవ్వుతారని.”

“నవ్వనియ్యి. పోరగాళ్ళు నవ్వలేదా?” సమ్మక్క ఆశ్చర్యంగా చూసింది. కోపం లేదు. నిజంగా అర్థం కాలేదు ఆమెకి. “గది లేకుంటే నా ముచ్చట్ల ఏమున్నది బిడ్డా? పిల్ల సచ్చిపోయింది. గంతే గద.”

ఆమె బిందె ఎత్తుకుని నీళ్ళకి వెళ్ళిపోయింది. దయామణి బోర్డు చంకలో పెట్టుకుని క్యాంపస్ వైపు నడిచింది. కూర్చుకున్న నాలుగు ముక్కలూ ఒకసారి మనసులో చెప్పుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గొంతు తగ్గాల్సిన చోట తగ్గింది. అంత అమర్చినా చివర చూస్తే పిల్ల చచ్చిపోయింది, అంతే.

*

శనివారం మధ్యాహ్నం హాస్టల్ నిద్రపోతుంటే ఆమె కిటికీ దగ్గర కూర్చుని రాయి బొమ్మ వెనక నీళ్ళు తడిపింది. జిగురు మంచిది, ఓ పట్టాన వదల్లేదు. బ్లేడు అంచుతో గరుకు కాగితాన్ని కొంచెం కొంచెంగా గీకింది. బొమ్మ చిరగకుండా చూసుకోవడానికి ఊపిరి బిగబట్టింది. మూడేళ్ళుగా ఆమెకి నేర్పుతున్నది ఒక్కటే, పాడైనదాన్ని బాగుచెయ్యడం. బాగైనదాన్ని చూసి చూసి పాడుచెయ్యడం ఇదే మొదలు.  

ఆరబెట్టి బోర్డు మీద పెట్టింది. రాయి ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, జారి ఒళ్ళో పడింది.

మళ్ళీ పెట్టింది. పడింది.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. పోయినేడు ఇదే రాయి, ఇదే బోర్డు. వెనక ఒక మనిషి నీళ్ళ బిందెతో నడుస్తోంది. ముందు ఒక తిక్కపిల్ల రాయిని అరచేత్తో గుద్దుతోంది, నిలబడవేం, నిలబడు, అని. ప్రభువును బయటికి రానీయకుండా ఆ రోజు అంత పట్టుదలగా ప్రయత్నించింది తనొక్కతే. ఆయన తన చేతికింది నుంచే, తన విసుగులోంచే, తనని అడక్కుండా బయటికి నడిచి వెళ్ళి ఆ బిందె పక్కన నిలబడ్డాడు. ఆ పాఠం జరుగుతున్నంతసేపూ ఆయన ఆ గదిలేని బడిలో ఉన్నాడు! తను గడియారం చూసుకుంటోంది.

మంచం మీద కాత్యాయని కళ్ళు తెరిచి చాలాసేపటి నుంచీ చూస్తున్నట్టుంది.

“నిన్నగాక మొన్న కదే అంత కష్టపడి అంటించావు?”

“ఊఁ.”

“పిచ్చెక్కిందా?”

“రేపు వస్తే తెలుస్తుంది,” అంది దయామణి. ఈసారి ఎటో చూడలేదు.

*

బండ ఎక్కేసరికి ఇంకా చీకటే. పెట్రోమాక్స్ దీపం చుట్టూ జంబుఖానాలు పరిచారు. హబ్సిగూడ ద్రాక్షతోటల మీంచి చల్లగాలి వస్తోంది. విద్యార్థులు, వాళ్ళు పిలుచుకొచ్చిన స్నేహితులు, ఆవులింతలు, గుసగుసలు. కాత్యాయని జడ కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చి, “ఇదిగో, వచ్చాను. నచ్చకపోతే నిద్రపోతాను,” అని చివర కూర్చుంది.

సమ్మక్క ఉతికిన పసుపుపచ్చ చీర కట్టుకుని, బండ అంచున నిలబడిపోయింది. దయామణి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కూర్చునే ముందు సమ్మక్క వంగి బండ మీద అరచెయ్యి ఆనించింది, గొడ్డు వీపు నిమిరినట్టు. “మంచి రాయి,” అంది తనలో తను.

పాటలయ్యాయి. సిగరెట్లు మానిన కుర్రాడు చెప్పాడు. వెనక వరసలో ఎవడో “మరి బీడీలో?” అన్నాడు. నవ్వులు. తూర్పు తెల్లబడింది. పార్థసారథి గారు దయామణి వైపు చూసి తలాడించారు. ఆమె లేచి గుడ్డసంచీలోంచి బోర్డు తీసింది. ఆయన కనుబొమలు దగ్గరయ్యాయి.

దయామణి పక్కన కూజా ఉంది. దాని వైపు చూడలేదు.

“నాకు సాక్ష్యం లేదండి,” అంది. “ఏ తేదీన నమ్మానో నాకు తెలీదు. పోయినేడు ఒకరోజు పాఠం చెప్పాను, అది చెబుతాను. ఇది సమాధి. ఇది రాయి.”

పెట్టింది. రాయి పడింది. ఎవరో కిసుక్కుమన్నారు. వంగి తీసి మళ్ళీ పెట్టింది. పడింది. ఈసారి చాలామంది నవ్వారు. కాత్యాయని నవ్వలేదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి చూస్తోంది. దయామణి మూడోసారి రాయిని పెట్టి అరచేత్తో అదిమి పట్టుకుంది.

“ఆ రోజు నేను దీన్ని కొట్టాను కూడా. కోపంతో. నిలబడాలని. అప్పుడు అటు ఒకావిడ నీళ్ళకి వెళుతోంది. నాకు తెలిసింది ఇంతే. తరవాత ఏం జరిగిందో నాకు తెలీదు, ఆవిడ చెప్పాలి.”

చెయ్యి తీసేసింది. రాయి పడింది. ఆమె కూర్చుంది.

సమ్మక్కకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. లేచి నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు సగం లేచారు, ఆదుకుందామని. ఆలోపే ఆమె కొంగు తీసేసింది.

“నా బిడ్డ పేరు సారలమ్మ,” అంది.

కంకర దగ్గర చెప్పినట్టే చెప్పింది. ఎక్కడా గొంతు తగ్గించలేదు, ఆపాల్సిన చోట ఆపలేదు. రాయి దొర్లించడానికి మమ్ముల పిలిస్తే అయిపోతుండె గద అన్నప్పుడు జనం నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఇంకా ముఖాల మీద ఉండగానే, “బిడ్డను ఏడ పెట్టినమంటరా? గాడ,” అని చెయ్యి చాపింది.

అందరి తలలూ తిరిగాయి. మౌలాలి గుట్ట నల్లగా, ఆకాశానికి ఆనించి పెట్టిన రాయిలా ఉంది. ఆమె వేలు చూపిస్తున్న చోట, గుట్ట భుజం మీంచి, సూర్యుడు పైకొచ్చాడు. ఎవరూ దాన్ని ఏర్పాటు చెయ్యలేదు. ఏప్రిల్లో సూర్యుడు ఏ దిక్కున లేస్తాడో లెక్కగట్టడం దయామణికి వచ్చు. ఆ లెక్క ఇప్పుడు ఎందుకూ పనికిరాలేదు. వెలుగు ముందు సమ్మక్క చేతిని పట్టుకుంది, తరవాత ముఖాన్ని, తరవాత బండ మీద కూర్చున్న అందరినీ, పిలిచినవాళ్ళనీ, పిలవగా వచ్చినవాళ్ళనీ, తేడా లేకుండా. బీడీల కుర్రాడి నోరు తెరిచే ఉంది.

“గంతే,” అంది సమ్మక్క. “గా రాయి గూడ పడ్తది.” కూర్చుంది.

 ఎక్కడో కొత్త హాస్టల్ దగ్గర ఆ రోజుకి మొదటి సమ్మెట దెబ్బ పడింది. పార్థసారథి గారు లేచారు. ముగింపు మాటలు ఆయన చెప్పాలి. నోరు తెరిచారు, గొంతు రాలేదు. ఇన్నేళ్ళలో దయామణి ఆయన గొంతు ఆగిపోవడం ఎన్నిసార్లో చూసింది, కానీ అది ఎప్పుడూ ఆగే చోటు కాదు ఇది. ఏం చెయ్యాలో తోచక ఆయన వంగి, కింద పడున్న కాగితం రాయిని తీసి, అలవాటు కొద్దీ బోర్డు మీద దాని చోట పెట్టబోయారు.

“ఉండనీ సారూ,” అంది సమ్మక్క, మెల్లగా. “పడ్డదాన్ని మల్ల పెట్టకుండ్రి.”

ఆయన చెయ్యి గాలిలోనే ఆగింది. రాయిని చూశారు, ఆమెను చూశారు. దాన్ని ఎక్కడ పడిందో అక్కడే, బండ మీద, జాగ్రత్తగా పెట్టారు. తను కూడా జంబుఖానా వదిలి దాని పక్కనే నేల మీద కూర్చున్నారు. ఆ రోజు ముగింపు ప్రార్థన ఎవరూ చెయ్యలేదు.

దిగేటప్పుడు కాత్యాయని బోర్డు రెండో అంచు పట్టుకుంది. బండ ఏటవాలుగా ఉంది, ఇద్దరూ చూసి చూసి అడుగులు వేస్తున్నారు. కొంత దూరం దిగాక కాత్యాయని ఆగింది.

“మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నామే. ఒక్కరోజన్నా నాకు చెప్పలేదేం?”

దయామణికి దగ్గర్లో మంచినీళ్ళు లేవు.

“నాకు తెలీదు కాతీ. భయమేమో.”

“సరేలే. ఇప్పుడు చెప్పు. ఆ ఆడవాళ్ళెవరు, ఎక్కడికెళ్ళారు? మొదట్నుంచీ చెప్పు.”

దయామణి బోర్డుని రెండో చేతికి మార్చుకుంది.

“అప్పటికింకా తెల్లారలేదు,” అని మొదలుపెట్టింది.